ముప్పదే నిమిషము: ఒక సభా విన్నపానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. ముప్పదే నిమిషము మొత్త మొక్కరికిని
అందులోనె చర్చ కర్ధ మిడుడు
గంట మోగు ముందె గద్దె దిగుట మేలు
కాల మొరుల సొమ్ము గాన వినుడు

అవతారిక

లినక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ లాంటి కెర్నెల్‌ను రాసేవాళ్లు ఏటా కూడే సభ ఒకటుంది. లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్ అని దాని పేరు. 2008లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో మొదలై ఊరూరా తిరుగుతోంది. అందులో మైక్రోకాన్ఫరెన్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒకే అంశం మీద మూడు, మూడున్నర గంటలు, నడుమ ఒక విరామం, కొద్దిమంది వక్తలు, ఎదురుగా ఆ పని చేతులారా చేసినవాళ్లు. చేసేసిన పని గొప్ప చెప్పుకోవడానికి పెట్టిన సభ కాదది, తెగని పని తెంచుకోవడానికి పెట్టింది. లైవ్ ప్యాచింగ్ అనే అంశానికి 2014 అక్టోబరులో జర్మనీలోని డూసెల్‌డార్ఫ్‌లో, 2019 సెప్టెంబరులో లిస్బన్‌లో, 2023లో అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఇలాంటి సభలు జరిగాయి.

అటువంటి సభకు పెద్దరికం వహించిన నిర్వాహకుడు వక్తలకు చేసుకునే విన్నపం ఈ పద్యం. ఏ తాళపత్రంలోనూ లేదు. ప్రతి నిర్వాహకుడూ ప్రతి వక్తకూ చెప్పుకునే మాటనే ఆటవెలదిలో బిగించిన పాపం ఈ వ్యాఖ్యాతది. వ్యాఖ్యానం రాసుకోవడానికి పద్యం కూడా తానే రాసుకుంటాడా అని ముక్కున వేలేసుకునేవాళ్లకు ఒకటే జవాబు: జగన్నాథ పండితరాయలవారు రసగంగాధరంలో ఉదాహరణలన్నీ సొంతంగానే రాసుకున్నారు. ఆయన చేస్తే శాస్త్రం, మేం చేస్తే చోద్యమా?

ఇక లైవ్ ప్యాచింగ్ సంగతి. కెర్నెల్‌లో భద్రతా లోపం ఒకటి బయటపడిందనుకోండి. సరిచేసిన కెర్నెల్ ఎక్కించి యంత్రాన్ని రీబూట్ చేయడం రాజమార్గం. కానీ ఆ యంత్రం మీద వేలమంది లావాదేవీలు నడుస్తుంటే రీబూట్ అనే మాటకే అందరికీ చెమటలు పడతాయి. అందుకని యంత్రం నడుస్తుండగానే తప్పున్న ఫంక్షన్ స్థానంలో ఒప్పున్న ఫంక్షన్‌ను కూర్చోబెడతారు. అమెరికాలోని ఎంఐటీలో జెఫ్ ఆర్నాల్డ్ 2008లో కేస్ప్లైస్ పేరుతో ఈ పని చేసి చూపించాడు. 2009లో వచ్చిన పరిశోధన పత్రంలో లెక్క కూడా ఉంది: 2005 మే నుంచి 2008 మే దాకా వచ్చిన 64 భద్రతా సవరణల్లో 56 సవరణలను కొత్త కోడ్ ఒక్క వాక్యం రాయకుండా ఇలా ఎక్కించవచ్చు. 2011లో కేస్ప్లైస్ సంస్థను ఒరాకిల్ కొనేసింది. తక్కిన కథ పద్యంలోని రెండో పాదానికి సంబంధించింది కనుక అక్కడ చెబుతాం.

ప్రతిపదార్థం

ఒక్కరికిని = ఒక్కొక్క వక్తకు, అతని కంపెనీ ఎంత పెద్దదైనా, ప్యాచ్ ఎంత పొడవైనా; మొత్తము = ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించుకునే ప్రయాసతో సహా; ముప్పదే నిమిషము = ముప్పై నిమిషాలు మాత్రమే; అందులోనె = ఆ ముప్పైలోనే, తరువాతి వక్త ముప్పైలో కాదు; చర్చకు = ఎదుటివాళ్లు మాట్లాడడానికి; అర్ధము = సగం; ఇడుడు = ఇవ్వండి; గంట మోగు ముందె = సమయం అయిపోయిందని నిర్వాహకుడు తెలిపేలోగానే; గద్దె = మైకున్న బల్లను; దిగుట = విడిచి కిందికి రావడం; మేలు = మంచిది; కాలము = సమయం; ఒరుల సొమ్ము = పరుల ధనం; గాన = కనుక; వినుడు = వినండి.

తాత్పర్యం

ఓ వక్తలారా! మీకు ముప్పై నిమిషాలే ఇచ్చాం. పదిహేను మీరు మాట్లాడి, పదిహేను మమ్మల్ని మాట్లాడనివ్వండి. మేం లేచి నిలబడేలోగా మీరే కూర్చోండి. ఇది మీ ఇంటి గడియారం కాదు.

టీక

ముప్పదే. ఏకారం అవధారణార్థకం. ముప్పై అంటే ముప్పయ్యే అని. నిమిషాలు అని బహువచనం వాడకుండా నిమిషము అని ఏకవచనం వాడడంలో ధ్వని ఉంది. వక్త దృష్టిలో అవి ముప్పై విడి నిమిషాలు, ఒకటి పోతే ఇంకా ఇరవైతొమ్మిది ఉన్నాయి. నిర్వాహకుడి దృష్టిలో అదంతా ఒక్క ముద్ద, పోతే ఒక్కసారే పోతుంది. మొదటి పాదం చివర ‘ఒక్కరికిని’ అన్నాక రెండో పాదం ‘అందులోనె’ అని అచ్చుతో మొదలుకావడం విసంధి దోషమని ఛాందసులు గొణుగుతారు. దోషం కాదు, గుణం. ఒక వక్త దిగి ఇంకొక వక్త ఎక్కేటప్పుడు నడుమ కాస్త ఎడం ఉండాలని కవి హృదయం. ఆ ఎడం లేకుండా వేళల పట్టిక వేసే నిర్వాహకులు ఉన్నారు. 2:00, 2:30, 3:00 అని బారులు తీర్చి రాస్తారు. మనుషులు గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎగిరి వస్తారని వాళ్ల నమ్మకం కాబోలు.

మొత్తము. ఈ ఒక్క మాటను అర్థం చేసుకోక చెడిపోయిన ఉపన్యాసాలెన్నో. జరిగేది ఇది. వక్త లేచి వస్తాడు. కేబుల్ పట్టదు. అడాప్టర్ ఎవరి దగ్గరైనా ఉందా అని గది మొత్తాన్ని అడుగుతాడు. మూడో వరసలో ఒకాయన సంచి దులిపి ఒకటి తీస్తాడు. అది తగిలిస్తే తెర ఊదారంగులోకి మారుతుంది. తెర కుదుటపడ్డాక మొదటి స్లైడు: నేనెవరు. రెండో స్లైడు: లైవ్ ప్యాచింగ్ అంటే ఏమిటి. ఎదురుగా కూర్చున్నది లైవ్ ప్యాచింగ్ రాసినవాళ్లే! మూడో స్లైడు: రీబూట్ ఎందుకు ఇబ్బంది. రీబూట్ ఇబ్బందని తెలియనివాడు ఆ గదిలోకి ఎందుకొస్తాడు? నాలుగో స్లైడు దగ్గర అసలు ప్రశ్న తల ఎత్తుతుంది, అప్పటికి పదిహేను నిమిషాలు గడిచిపోతాయి. చర్చకు పెట్టిన సగాన్ని పరిచయం తినేసిందన్నమాట.

దీనికి మందు కెర్నెల్‌లోనే ఉంది. ఎక్స్86-64 యంత్రాల మీద ట్రేసింగ్‌కు వీలుగా కట్టిన కెర్నెల్‌లో, దాదాపు ప్రతి ఫంక్షన్ గుమ్మంలోనూ ఐదు బైట్ల జాగా వదిలిపెడతారు. మామూలుగా అక్కడ ఏమీ జరగదు. లైవ్ ప్యాచ్ ఎక్కినప్పుడు ఎఫ్‌ట్రేస్ అనే యంత్రాంగం ఆ ఐదు బైట్లను పిలుపుగా మారుస్తుంది. లోపలికి అడుగుపెట్టబోయినవాణ్ణి అటునుంచటే కొత్త ఫంక్షన్‌కు మళ్లిస్తుంది. మళ్లింపు గుమ్మంలోనే. ఒకసారి లోపలికి వెళ్లినవాడు పాత దారిలోనే నడుస్తాడు, వాడు తిరిగొచ్చేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. నిర్వాహకులు దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. వక్త మూడో స్లైడులో ఉండగా ‘కాస్త చర్చకు వద్దామా’ అంటే వాడు రాడు. అంశాన్ని ఒప్పుకున్న రోజునే చెప్పాలి: మొదటి స్లైడు మీద నీ ప్రశ్న రాయి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాళ్లెవరో నాకు చెప్పు, వాళ్లు ఆ పూట గదిలో ఉండేటట్టు నేను చూస్తాను. ప్రశ్న రాయలేకపోతే ఆ అంశానికి చర్చ అక్కరలేదని అర్థం. పది నిమిషాలు ఇచ్చి నమస్కారం పెట్టవచ్చు.

చర్చ కర్ధ మిడుడు. ‘చర్చకు అర్ధము’ సంధి కలిసి ‘చర్చ కర్ధము’ అయింది. పాదం మొదటి ‘అందు’లోని అకారానికి ‘అర్ధ’లోని అకారంతో స్వరయతి. కొన్ని ప్రతుల్లో ఒత్తు మారి ‘చర్చ కర్థ మిడుడు’ అని కనబడుతుంది. చర్చకు అర్థం ఉండేటట్టు చూడండి అని అప్పటి భావం. డబ్బు అనే అర్థం పట్టుకుని, సభకు చందాలిచ్చే కంపెనీల కోసం చేర్చిన పాఠమిదని వాదించేవాళ్లూ ఉంటారు. మాకు సగమే సమ్మతం.

సగం ఎందుకు? పావు చాలదా? ఇక్కడ పూర్వకథ చెప్పాలి.

2014 మొదట్లో రెండు లినక్స్ కంపెనీల జట్లు ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి. సూసె వాళ్లది కేగ్రాఫ్ట్, రెడ్‌హ్యాట్ వాళ్లది కేప్యాచ్. పని ఒకటే, పద్ధతి వేరు. పెళ్లి భోజనాల బంతిలో వంట మారిందనుకోండి. కేప్యాచ్ పద్ధతి: వడ్డన ఆపి బంతినంతటినీ కదలకుండా కూర్చోబెట్టడం, ఏ విస్తట్లోనైనా పాత కూర మిగిలి ఉందా అని చూడడం, ఎవరి విస్తట్లోనూ లేకపోతే ఒక్కసారి అందరికీ కొత్త వంట వడ్డించడం, ఒక్క విస్తట్లో కనబడినా, సరే మళ్లీ చూద్దాం. కేగ్రాఫ్ట్ పద్ధతి: ఎవరినీ ఆపనక్కరలేదు, ఎవరు లేచి చెయ్యి కడుక్కొచ్చి కూర్చుంటే వాళ్లకు కొత్త వంట, ఒకే బంతిలో కొందరికి పాతది, కొందరికి కొత్తది, అయితే ఏ ఒక్క విస్తట్లోనూ రెండూ కలవకూడదు.

బంతిలో కూర్చున్నవాడు టాస్క్, అంటే నడుస్తున్న పని; విస్తరి దాని స్టాక్, అంటే అది ఏయే ఫంక్షన్ల మధ్యలో ఉందో చెప్పే చిట్టా. రెండింటికీ ఎవరి తిప్పలు వాళ్లకున్నాయి. మొదటిదానిలో, ఎప్పుడూ ఎవరో ఒకరి స్టాక్ మీద ఉండే ఫంక్షన్‌ను మార్చడం అసాధ్యం. నిద్రపోతున్న ప్రతి టాస్క్ స్టాక్ మీదా షెడ్యూల్ అనే ఫంక్షన్ కూర్చునే ఉంటుంది, దాన్నెప్పుడు మారుస్తారు? పైగా చూసినంత సేపూ ప్రాసెసర్లన్నీ ఆగాలి. రెండోదానిలో, లేవనివాళ్లతో చిక్కు. లేచి చెయ్యి కడుక్కోవడమంటే కెర్నెల్ దాటి, మామూలు ప్రోగ్రాములు నడిచే యూజర్ స్పేస్‌లోకి వెళ్లడం. కెర్నెల్ తన సొంత పనులకు పెట్టుకున్న కెర్నెల్ థ్రెడ్లు అక్కడికి ఎన్నడూ వెళ్లవు. వాటికి గుమ్మం దాటడమంటూ లేదు. నిర్వాహకుడికి ఇవి తెలిసిన జాతే. మొదటి వరసలో గోడ పక్కన కూర్చుని, విరామానికి కూడా లేవకుండా, తల ఎత్తకుండా టైపు చేస్తూ, హఠాత్తుగా ‘ఇది 2015లోనే వద్దన్నాం’ అనే పెద్దమనిషి కెర్నెల్ థ్రెడ్డే.

ఈ రెండు జట్లూ 2014 అక్టోబరులో డూసెల్‌డార్ఫ్‌లో ఒక గదిలో కూర్చున్నాయి. ఎవరి పద్ధతి గొప్పో ఉపన్యసించి వెళ్లిపోయి ఉంటే ఈపాటికి లినక్స్‌కు రెండు లైవ్ ప్యాచింగ్‌లు ఉండేవి, లేదా ఒకటీ ఉండేది కాదు. వాళ్లు మాట్లాడుకున్నారు. తగువున్నదాన్ని పక్కనపెట్టి, ఇద్దరికీ ఉమ్మడిగా కావలసిన కనీస భాగం ముందు కెర్నెల్‌లో చేరుద్దామనుకున్నారు. నవంబరులో రెడ్‌హ్యాట్ జట్టులోని సేథ్ జెన్నింగ్స్ ఆ ఉమ్మడి ప్యాచ్‌లు పంపాడు. 2015 ఏప్రిల్‌లో విడుదలైన లినక్స్ 4.0లో అవి చేరాయి. పక్కన పెట్టిన తగువు, అంటే ఏ క్షణంలో పాతది వదిలి కొత్తది పట్టాలి అన్న ప్రశ్న, తేలడానికి 2017 జూలై దాకా, 4.12 వరకూ పట్టింది. తేలినప్పుడు అది ఎవరి పద్ధతీ కాదు, ఇద్దరిదీ. టాస్క్ వారీగా మార్చడం కేగ్రాఫ్ట్ నుంచి, స్టాక్ చూసి మార్చడం కేప్యాచ్ నుంచి తీసుకున్నారు. నిద్రపోతున్న టాస్క్ స్టాక్ మీద మారవలసిన ఫంక్షన్ లేకపోతే దాన్ని అక్కడికక్కడే కొత్తదానికి మారుస్తారు. ఉంటే, అది కెర్నెల్ నుంచి యూజర్ స్పేస్‌కు తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర మారుస్తారు.

అయితే స్టాక్‌ను నమ్మాలి కదా. అందులో రాసి ఉన్నది నిజమేనని ఎవరు పూచీ? ఈ ఒక్క సందేహం నుంచే కంపైలైన కోడ్‌ను వెతికి పరీక్షించే ఆబ్జ్‌టూల్ (2016లో 4.6), ఆ తరువాత స్టాక్‌ను చదివే ఓర్క్ అన్‌వైండర్ (2017లో 4.14) పుట్టాయి. ప్రతి ఫంక్షన్‌లోనూ స్టాక్ చదవడానికి గుర్తులుగా ఫ్రేమ్ పాయింటర్లు పెడితే స్టాక్ నమ్మకంగా ఉంటుంది గానీ కెర్నెల్ నెమ్మదిస్తుందని ఒక పక్షం పట్టుబట్టడం వల్ల మూడో దారి వెతకాల్సి వచ్చింది. ఎదురు చెప్పేవాళ్లకు సమయం ఇవ్వకపోతే ఆ మూడో దారి ఎక్కడి నుంచి వస్తుంది? పావు సమయం సందేహాలు తీర్చడానికే సరిపోతుంది. ఎదురు చెప్పడానికి, ఎదురు చెప్పినవాడికి జవాబు ఇవ్వడానికి, ఇద్దరూ పొరబడ్డారని మూడోవాడు లేవడానికి సగం కావాలి. కవి సగం అన్నది ఊరికే కాదు.

గంట మోగు ముందె గద్దె దిగుట మేలు. మేలు అన్నాడు గానీ తప్పదు అనలేదు. నిర్వాహకుడి దౌర్బల్యమంతా ఆ ఒక్క మాటలో ఉంది. గంట మోగాక దిగనివాణ్ణి ఏం చేయాలో పద్యంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. కెర్నెల్ మాత్రం ఆ సంగతి పూర్తిగా రాసిపెట్టుకుంది.

లైవ్ ప్యాచ్ ఎక్కుతున్నంత కాలం అది పరివర్తనలో ఉందంటారు. ఒక్కో టాస్క్ స్థితి చూడడానికి ప్రాక్ అనే డైరెక్టరీ కింద ప్యాచ్ స్టేట్ అని ఒక ఫైలుంది. పరివర్తనే లేకపోతే -1, ఇంకా పాతదానిలో ఉంటే 0, కొత్తదానికి వచ్చేస్తే 1. ఒక్కసారికి ఒక్క ప్యాచ్ మాత్రమే పరివర్తనలో ఉండవచ్చు. ఒక్క టాస్క్ మొండికేస్తే మొత్తం పరివర్తన ఎంతకాలమైనా అలాగే వేలాడుతుంది. సభలోనూ ఇంతే. తొంభైతొమ్మిది మంది చర్చకు సిద్ధమై ఉన్నా, గద్దె మీది ఒక్కడు 0 చూపిస్తున్నంతసేపూ సభ ముందుకు కదలదు.

కెర్నెల్ మొదటి ఉపాయం సామం. ఇంకా మారని టాస్కులకు పదిహేను సెకన్లకోసారి ఒక ఉత్తుత్తి సిగ్నల్ పంపుతుంది. అందులో సందేశమేమీ ఉండదు; నిద్రలో ఉన్నవాడు ఉలిక్కిపడి గుమ్మందాకా వచ్చి వెళ్లాలని మాత్రమే దాని ఉద్దేశం. నిర్వాహకుడు గొంతు సవరించుకోవడం, కుర్చీ జరపడం, లేచి గోడకు ఆనుకుని నిలబడడం ఈ కోవలోవే. ‘5 నిమిషాలు’ అని రాసిన అట్ట ఎత్తి చూపించడం కూడా ఉత్తుత్తి సిగ్నలే. వక్త దాన్ని చూసి చిరునవ్వుతో తల ఊపి తరువాతి స్లైడుకు పోతాడు.

కెర్నెల్‌లో ఇంకో సదుపాయమూ ఉంది. పరివర్తన సగంలో ఉండగా ఎనేబుల్డ్ అనే ఫైలులో విలువ తిప్పి రాస్తే ప్రయాణం వెనక్కి మళ్లుతుంది, మారినవాళ్లు మళ్లీ పాతదానికి వస్తారు. సభలో దీని రూపం: ‘చర్చలోకి వెళ్లేముందు ఒక్కసారి ఆరో స్లైడుకు వెళ్దాం.’

చివరి ఉపాయం దండం. ఫోర్స్ అనే ఫైలులో 1 రాస్తే, ఎవరి స్టాక్ మీద ఏముందో చూడకుండా అందరినీ మారినట్టే రాసేస్తుంది. దీన్ని వాడే ముందు మొండికేసిన టాస్కుల స్టాక్ వివరాలన్నీ సేకరించుకోవాలనీ, ప్యాచ్ ఇచ్చినవాళ్ల అనుమతి తీసుకోవాలనీ కెర్నెల్ పత్రాల్లో గట్టిగా హెచ్చరించారు. శిక్ష కూడా ఉంది. ఒకసారి ఫోర్స్ వాడితే ఆ ప్యాచ్ మాడ్యూల్‌ను ఇక తీసేయడానికి వీలుండదు. పాతదానిలో ఎవడు ఇరుక్కున్నాడో తెలియదు కదా, తీస్తే ఎవరి కాళ్ల కింద నేల పోతుందో. వక్త చేతిలో మైకు లాక్కున్న నిర్వాహకుడి గతి సరిగ్గా ఇదే. ఆ అంశం ఇక సభలోంచి పోదు. విరామంలో కాఫీ దగ్గర, భోజనంలో, మరుసటి ఏడాది ఇంకో ఊళ్లో వెంటాడుతుంది. వక్త మొండివాడైనా సరే, అతని స్టాక్ మీద ఏముందో ముందు అడగాలి. ‘నీకు ఇంకా ఏది చెప్పకపోతే కుదరదు?’ అని అడిగితే నూటికి తొంభై పాళ్లు ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ వాక్యం చెప్పనిచ్చి దించితే ఏ పేచీ ఉండదు.

కాల మొరుల సొమ్ము. ఎలాగో చూడండి. గదిలో నలభైమంది ఉన్నారనుకుందాం. వక్త అదనంగా తీసుకున్నది ఐదు నిమిషాలే. కానీ ఐదు నలభైలు రెండువందలు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. దాదాపు ఒక మైక్రోకాన్ఫరెన్స్‌కు సరిపడా మనుషుల పొద్దు ఒక చేత్తో జేబులో వేసుకున్నాడన్నమాట. ‘గాన’ అని హేతువును దాచకుండా మాటగానే చెప్పేశాడు. కవి కోపం ఈ పాదంలోనే బయటపడింది. పై మూడు పాదాల్లో మేలు, ఇడుడు అంటూ బతిమాలినవాడు ఇక్కడ సొమ్ము అనేశాడు.

ఆక్షేపాలు

చర్చంతా చివర ఒక గంట పెడితే పోలేదా, ఉపన్యాసాలు వరసగా అయిపోతాయి కదా అని ఒక ఆక్షేపం. కుదరదు. మొదటి వక్త లేవనెత్తిన సందేహం చివరి వక్త దిగేసరికి ఎవరికీ గుర్తుండదు. పైగా ఈ అంశంలో ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డవే ఎక్కువ. కంపైలర్ ఒక ఫంక్షన్‌ను ఇంకొక ఫంక్షన్‌లో కలిపేస్తే, పైకి ఒక్కటి మార్చినట్టే ఉన్నా లోపల పదిచోట్ల మార్చాలి. జీసీసీ అనే కంపైలర్ 9వ వెర్షన్‌లో లైవ్ ప్యాచింగ్ కోసమే ఒక ఆప్షన్ చేర్చవలసి వచ్చింది. దాన్ని గురించి ఒక మాటకు రాకుండా, ప్యాచ్‌ను సోర్సు కోడ్ నుంచి తయారుచేసే పద్ధతి గురించి తరువాతి వక్త ఏం మాట్లాడతాడు? ముందుది తేలాలి. కనీసం తేలలేదని తేలాలి.

ఇంకొక ఆక్షేపం బలమైనది, ఇక్కడ కవితో మాకే పేచీ. అందరికీ ముప్పదే అని ఒకే కొలత వేయడం అన్యాయం. పాత డేటాకు కొత్త సమాచారం తగిలించే షాడో వేరియబుల్స్ ఇలా చేర్చాం, 5.1లో అటామిక్ రీప్లేస్ వచ్చింది, ఇక కొత్త ప్యాచ్ ఒకటి ఎక్కితే పాతవన్నీ వాటంతటవే తొలగిపోతాయి అని చెప్పడానికి ముప్పై నిమిషాలు ఎందుకు? అది సమాచారం, పది నిమిషాల పని. తరువాత ఎప్పుడో లోడయ్యే మాడ్యూళ్లకు ముందే ప్యాచ్ ఎక్కించే అవస్థను ఇలాగే ఉంచాలా, మొత్తంగా తీసి పారేయాలా అని లిస్బన్‌లో వచ్చినట్టి ప్రశ్నకు ముప్పై ఏ మూలకు? అక్కడ ప్రశ్న వేయడానికే ఇరవై పడుతుంది. సమానంగా పంచితే న్యాయం చేసినట్టు కనిపిస్తుంది, నిర్వాహకుడికి ఎవరితోనూ మాట రాదు. ముప్పై ముప్పై అని గీతలు గీసి చేతులు దులుపుకునే నిర్వాహకుణ్ణి మేం పొదుపరి అనం, పిరికివాడంటాం.

కవి పక్షాన సమాధానం కష్టమే గానీ లేకపోలేదు. ‘మొత్తము’ అన్న మాటను ముప్పైకి కాక సభకు అన్వయిస్తే కొంత ఊరట. అంటే వక్తకు ముప్పై హద్దు. అంశానికి హద్దు వేరే. విరామం తరువాత ఒక అరగంట ఎవరికీ రాయకుండా ఖాళీగా వదిలేయాలి. వేళల పట్టికలో అక్కడ ఏమని రాయాలో తెలియక చాలామంది నిర్వాహకులు భయపడి ఇంకో వక్తను ఇరికిస్తారు. అలా చేయకూడదు. ఏ చర్చ తెగకుండా విరామంలోకి జారిందో అది కాఫీ తాగి, చల్లబడి, ఆ ఖాళీలోకి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. విరామంలో ఇద్దరు గోడ వారన నిలబడి ఒకరి ల్యాప్‌టాప్‌లోకి ఇద్దరూ తొంగి చూస్తున్నారంటే ఆ అరగంట ఎవరిదో నిర్ణయమైపోయినట్టే.

ఏ చర్చా జారకపోతే ఆ అరగంట ఏమవుతుంది? సభ అరగంట ముందు ముగుస్తుంది. ఇందుకు బాధపడిన సభ్యుణ్ణి మేమింకా చూడలేదు.

పాఠాంతరం

చివరి పదం ‘వినుడు’కు బదులు ‘విడుడు’ అని ఇంకొక పాఠం కల్పించుకోవచ్చు. రెండూ నగణమే, ఛందస్సుకు లోటు లేదు. కాలం ఒరుల సొమ్ము కనుక విడిచిపెట్టండి అని అప్పుడు అర్థం సాఫీగా వస్తుంది. అంత సాఫీగా రావడమే అనుమానాస్పదం. కష్టమైన పాఠమే అసలైనదని ప్రతులు పరిష్కరించేవాళ్ల నియమం. ‘వినుడు’ను ముందు వాక్యంతో కలిపి ‘ఈ మాట వినండి’ అని ఒక అన్వయం. ‘దిగినవాడు ఇక వినాలి’ అని ఇంకొక అన్వయం. రెండోదే గ్రాహ్యం. దిగిన వక్తల్లో సగంమంది తమ కుర్చీలో కూర్చోగానే ల్యాప్‌టాప్ తెరిచి మెయిళ్లు చూసుకుంటారు. తాము లేవనెత్తిన ప్రశ్నకు జవాబు గదిలో తిరుగుతుంటే చూడరు. తన అంశం మీద జరిగే చర్చను రాసుకోవలసింది వక్తే. కానీ అప్పుడే మాట్లాడి దిగినవాడికి చెయ్యాడదు. అందుకే రాసేవాణ్ణి ముందే వేరుగా పెట్టుకోవాలి. రాసేవాడు వక్త కంపెనీవాడు కాకుండా చూసుకోవడం ఇంకా మంచిది, ఎందుకో అడగొద్దు.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని సభకు ముందు మూడుసార్లు చదివిన నిర్వాహకుడికి విరామంలో కాఫీ వేడిగా దొరుకుతుంది. అడాప్టర్ సంచిలో రెండు పెట్టుకున్న నిర్వాహకుడికి పద్యం చదవకపోయినా అదే ఫలం. చదివిన వక్తకు అతని ప్యాచ్ మీద అతనికన్నా బాగా తెలిసినవాడొకడు గదిలో లేచి, ఇది పనిచేయదు, ఎందుకంటే, అని మొదలుపెడతాడు. ఇంకా పదమూడు నిమిషాలు మిగిలి ఉంటాయి.